ఆడమ్స్ కండువా మార్చాడా?

గత నెల టెస్ట్ సిరీస్‌లో జీఎస్-4 పేపర్ రాశాను. 'నైతిక ధైర్యం అంటే ఏమిటి? ప్రజా జీవితం నుంచి ఒక ఉదాహరణతో వివరించండి' అని 10 మార్కుల ప్రశ్న వచ్చింది. 150 పదాల్లో రాయాలి. రెండేళ్లుగా నా నోట్స్‌లో రెడీగా ఉన్న ఉదాహరణే తీసి పెట్టేశాను. అమెరికా సెనేటర్ జాన్ క్విన్సీ ఆడమ్స్ 1807లో సొంత పార్టీని కాదని దేశ ప్రయోజనం కోసం ఓటు వేశాడు, దాంతో సీటు పోగొట్టుకున్నాడు. మూడు వాక్యాలు, ఒక ముగింపు. పేపర్ దిద్దినవారు పక్కన ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాశారు: "మరుసటి ఏడాది రాయబారి పదవి ఇచ్చింది ఎవరు?"

4 మార్కులు వచ్చాయి. మార్కుల సంగతి అలా ఉంచితే, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రూమ్‌కి వచ్చి గ్రూప్-1కి చదివే అన్నకి చూపిస్తే నవ్వాడు. "కండువా మార్చినోడికి మంత్రి పదవి ఇచ్చినట్టే కదా తమ్ముడూ, నువ్వేమో ధైర్యం అని రాసినవ్" అన్నాడు. ఆ మాట రెండు రోజులు బుర్రలో తిరిగింది. ఆ వారం కరెంట్ అఫైర్స్ పక్కన పెట్టి ఆడమ్స్ గురించి చదివాను. టైమ్ వేస్ట్ అని మీలో కొందరు అనొచ్చు, నేను కాదనను.

ముందు కాలం సంగతి. అప్పటి అమెరికాలో రెండు పార్టీలు. ఫెడరలిస్టులు బలమైన కేంద్ర ప్రభుత్వం, వ్యాపారం, బ్రిటన్‌తో సఖ్యత కోరేవారు. వారి కోట న్యూ ఇంగ్లాండ్, ముఖ్యంగా మసాచుసెట్స్. రెండోది జెఫర్సన్ నాయకత్వంలోని రిపబ్లికన్లు. (ఇప్పటి రిపబ్లికన్ పార్టీకీ దీనికీ సంబంధం లేదు, అది 1850లలో పుట్టింది. ప్రిలిమ్స్‌లో ఇలాంటి చోటే మనం బోల్తా పడతాం.) ఆడమ్స్ తండ్రి జాన్ ఆడమ్స్ దేశానికి రెండో అధ్యక్షుడు, ఫెడరలిస్టు. కొడుకు 1803లో అదే పార్టీ బలంతో సెనేట్‌కి వెళ్లాడు. ఆ రోజుల్లో సెనేటర్లను ప్రజలు నేరుగా ఎన్నుకునేవారు కాదు, రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. మన రాజ్యసభ గుర్తొస్తుంది కదా. నేరుగా ఎన్నిక 1913లో 17వ సవరణతో వచ్చింది. ఈ ఒక్క విషయం పట్టుకోకపోతే ఆడమ్స్ కథ అర్థం కాదు. అతని సీటు యజమాని మసాచుసెట్స్ శాసనసభ.

ఒక్క ఓటుతో ఒక్క రోజులో పార్టీ మారాడని నా నోట్స్‌లో ఉండేది. అది తప్పు. సెనేట్‌లో అడుగుపెట్టిన ఏడాదే లూసియానా కొనుగోలు వచ్చింది. ఫ్రాన్స్ నుంచి ఆ భూభాగం కొంటే పడమట కొత్త రాష్ట్రాలు పుడతాయని, న్యూ ఇంగ్లాండ్ మాట చెల్లకుండా పోతుందని అతని పార్టీ పెద్దల భయం. ఆడమ్స్ మాత్రం కొనుగోలుకు డబ్బు ఇచ్చే బిల్లును సమర్థించాడు. అలాగని జెఫర్సన్ వెనక నడవలేదు. ఇలా భూభాగాన్ని కలుపుకోవాలంటే రాజ్యాంగ సవరణ కావాలన్నాడు, అక్కడి ప్రజల సమ్మతి లేకుండా వారిపై పన్నులు వేయడాన్ని వ్యతిరేకించాడు. అంటే కొనుగోలు విషయంలో సొంత పార్టీకి దూరమయ్యాడు, పరిపాలన విషయంలో అధికార పార్టీకి దూరమయ్యాడు. ఇద్దరికీ కోపమే.

అదే సమయంలో తోటి మసాచుసెట్స్ సెనేటర్ టిమోతీ పికరింగ్, మరికొందరు ఫెడరలిస్టులు ఉత్తరాది రాష్ట్రాలను విడదీసి వేరే సమాఖ్య పెట్టుకోవాలని మంతనాలు జరిపారు. అది సాగలేదు. కానీ ఆడమ్స్ మనసులో ఆ అనుమానం ఎప్పటికీ పోలేదు. సొంత పార్టీ అవసరమైతే దేశాన్ని చీల్చడానికైనా సిద్ధపడుతుందని అతను నమ్మాడు. తర్వాతి నాలుగేళ్లలో అతను చేసినవన్నీ ఈ నమ్మకం వెలుగులో చూస్తే ఒక వరుసలోకి వస్తాయి.

ఇక 1807. బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధంలో ఉన్నాయి. తటస్థ అమెరికా నౌకలను రెండూ పట్టుకుంటున్నాయి. బ్రిటన్ అయితే అమెరికా నౌకలెక్కి నావికులను బలవంతంగా తన నౌకాదళంలోకి లాక్కుపోయేది. జూన్ 22న వర్జీనియా తీరానికి దగ్గర్లో లెపర్డ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక, చెసపీక్ అనే అమెరికా యుద్ధనౌకపై కాల్పులు జరిపింది. అక్కడికక్కడే ముగ్గురు చనిపోయారు, 18 మంది గాయపడ్డారు, నలుగురు నావికులను పట్టుకుపోయారు. దేశమంతా మండిపోయింది. బోస్టన్ ఫెడరలిస్టు పెద్దలు మాత్రం నిరసన సభ పెట్టడానికి మొదట ముందుకు రాలేదు. సభ పెట్టింది రిపబ్లికన్లు. ఆడమ్స్ ఆ సభకు వెళ్లి తీర్మానం రాసే కమిటీలో కూర్చున్నాడు. కొన్ని రోజుల తర్వాత ఫెడరలిస్టులు కూడా సభ పెట్టక తప్పలేదు, దానికీ వెళ్లాడు. కానీ మొదటి సభకు వెళ్లినప్పుడే సొంతవాళ్ల దృష్టిలో అతని పని అయిపోయింది.

డిసెంబర్‌లో జెఫర్సన్ ఎంబార్గో చట్టం తెచ్చాడు. అమెరికా నౌకలు విదేశీ రేవులకు వెళ్లకూడదు. వ్యాపారం ఆపేస్తే బ్రిటన్, ఫ్రాన్స్ దిగివస్తాయని లెక్క. సెనేట్‌లో 22-6 ఓట్లతో ఒక్క రోజులోనే పాసయింది. ఆడమ్స్ ఓటు ఆ 22లో ఉంది. నౌకల మీద బతికే రాష్ట్రం నుంచి వచ్చి నౌకలను కట్టేసే చట్టానికి ఓటు వేశాడు! 1808 జనవరి 23న ఇంకో అడుగు వేశాడు. తదుపరి అధ్యక్ష అభ్యర్థిగా మాడిసన్‌ను ఎంపిక చేసిన రిపబ్లికన్ల సమావేశానికి హాజరయ్యాడు. ఈ వార్త విని తల్లి అబిగైల్ నొచ్చుకుంటూ ఉత్తరం రాసింది. ఓటు వేయడం ఒకటి, అవతలి పార్టీ సమావేశంలో కూర్చోవడం ఇంకొకటి అని ఆమె బాధ. తండ్రి మాత్రం, పార్టీ కట్టుబాటులో ఉన్నవాడెవడూ నిన్ను పూర్తిగా నమ్మడు, నీ స్వభావమే అంత అన్న అర్థంలో ధైర్యం చెప్పాడు. ఆ ఇంట్లో కూడా ఒక అభిప్రాయం లేదు. నాకు తల్లి వైపే న్యాయం కనిపిస్తుంది.

పాలిటీ చదివిన మనకు ఇక్కడ పదో షెడ్యూల్ గుర్తు రాకుండా ఉండదు. 1985లో 52వ సవరణతో వచ్చింది. మన రాజ్యాంగంలోకి రాజకీయ పార్టీ అనే మాట స్పష్టంగా వచ్చింది కూడా దాంతోనే. విప్‌ను ధిక్కరించి ఓటు వేస్తే, పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే అనర్హత. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నా అనర్హతే. రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు 1994లో ఏమంది? రాజీనామా లేఖ ఇవ్వకపోయినా ప్రవర్తనను బట్టి సభ్యత్వం వదులుకున్నట్టు భావించవచ్చని. ఆడమ్స్‌ని తెచ్చి మన సభలో కూర్చోబెడితే ఎంబార్గో ఓటుతో ఒకసారి, మాడిసన్ సమావేశంతో రెండోసారి దొరికిపోతాడు. నేను 'నైతిక ధైర్యం' శీర్షిక కింద రాసుకున్న మనిషి, నా పాలిటీ నోట్స్‌లో 'ఫిరాయింపు' కింద పడతాడు. రెండు నోట్స్‌లూ నావే, ఒకే అరలో ఉన్నాయి. రెండేళ్లలో ఒక్కసారీ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

1808 ఫిబ్రవరిలో పికరింగ్ ఎంబార్గోను తిడుతూ బహిరంగ లేఖ రాశాడు. ఆడమ్స్ మార్చి 31న హారిసన్ గ్రే ఓటిస్‌ను ఉద్దేశించి లేఖ రూపంలో బదులిచ్చాడు. ఆ వసంతంలో మసాచుసెట్స్ శాసనసభ ఫెడరలిస్టుల చేతికి వచ్చింది. ఆడమ్స్ పదవీకాలం 1809 మార్చి దాకా ఉంది. అయినా శాసనసభ 1808 జూన్ మొదట్లోనే అతని స్థానంలోకి జేమ్స్ లాయిడ్‌ను ఎన్నుకుంది. అంత ముందుగా ఎన్నుకోవడం అప్పటి ఆనవాయితీ కాదు, ముఖం మీద కొట్టినట్టు చెప్పడానికే చేశారు. ఎంబార్గో రద్దుకు పనిచేయాలని సెనేటర్లకు ఆదేశిస్తూ తీర్మానం కూడా చేసింది. జూన్ 8న ఆడమ్స్ రాజీనామా చేశాడు.

ఈ రాజీనామా దగ్గర నేను చాలాసేపు ఆగాను. చట్టప్రకారం అతను కదలక్కర్లేదు. మిగిలింది తొమ్మిది నెలలే అయినా, వాటిలో నవంబర్‌లో మొదలయ్యే ఒక సెనేట్ సమావేశం ఉంది. ఎంబార్గో ఉంచాలా తీయాలా అని తేల్చేది ఆ సమావేశమే. 'నా మనస్సాక్షి' అంటూ కూర్చుని ఇంకోసారి ఓటు వేయొచ్చు. వేయలేదు.

రాజనీతి శాస్త్రం ఆప్షనల్‌గా ఉన్నవాళ్లకు ఎడ్మండ్ బర్క్ 1774లో బ్రిస్టల్‌లో చేసిన ప్రసంగం తెలుసు. ప్రతినిధి ఓటర్లకు రుణపడేది తన వివేకాన్ని, వారి ఆదేశాన్ని మోయడం అతని పని కాదు అని బర్క్ వాదన. రెండో వాదన, ప్రతినిధి కేవలం దూత, పంపినవారి మాటే చెప్పాలి. పరీక్షలో ఈ రెండూ రాసి, 'సమతుల్యత అవసరం' అని ముగిస్తాం. ఆడమ్స్ ఈ రెండింటినీ కలపలేదు, ఒకదాని తర్వాత ఒకటి పాటించాడు. ఓటు వేసేటప్పుడు బర్క్ మనిషి. సీటు ఇచ్చినవాళ్లు అధికారికంగా కాదన్న తర్వాత సీటు వాళ్లకు తిరిగి ఇచ్చేశాడు. నా ఓటు నాది, సీటు మీది అన్నట్టు. ఫిరాయింపు మీద మనకు కోపం వచ్చేది మనిషి అభిప్రాయం మారినందుకు కాదనిపిస్తుంది. ఒకరిచ్చిన సీటు పట్టుకుని ఇంకొకరి దగ్గర బేరం పెట్టినందుకు.

సరే, ఎర్ర సిరా ప్రశ్న. 1809 మార్చిలో మాడిసన్ అధ్యక్షుడయ్యాడు. వెంటనే ఆడమ్స్‌ను రష్యాకు రాయబారిగా ప్రతిపాదించాడు. సెనేట్ మొదట ఒప్పుకోలేదు, జూన్‌లో ఒప్పుకుంది. ఫెడరలిస్టులకు ఇంకేం కావాలి? ఇదిగో ధర అన్నారు. రూమ్‌లో అన్న అన్నదీ అదే.

ఇంకా గట్టి అనుమానాలు నేనే చెబుతాను. 1800లో ఆడమ్స్ తండ్రి ఓడిపోవడంలో సొంత పార్టీలోని హామిల్టన్ వర్గం పాత్ర ఉంది, కాబట్టి ఇంటి పగ ఉంది. 1804 అధ్యక్ష ఎన్నికల్లో జెఫర్సన్ 162-14తో గెలిచాడు, మసాచుసెట్స్ కూడా అతని వైపే వెళ్లింది. గాలి ఎటు వీస్తోందో కళ్లున్నవాడికి తెలుస్తుంది. ఇవన్నీ వరుసగా పెడితే గోడ మీద పిల్లి వాటంలాగే ఉంటుంది. ఒక్కచోటే ఈ లెక్క తేడా కొడుతుంది. అతని సీటు దేశం చేతిలో లేదు, మసాచుసెట్స్ చేతిలో ఉంది. ఎంబార్గోతో అక్కడ గాలి తిరిగింది, చచ్చిపోతున్న ఫెడరలిస్టు పార్టీ ఆ రాష్ట్రంలో లేచి కూర్చుంది. సరిగ్గా అప్పుడే అతను బయటికి వచ్చాడు. లాభం చూసుకునేవాడైతే 1805లో మారాలి, లేదా 1808లో ఆగాలి. పైగా రాయబారి పదవి కొత్త కాదు, 1794లోనే వాషింగ్టన్ అతన్ని నెదర్లాండ్స్‌కి పంపాడు. ఇంత చెప్పినా మాడిసన్ సమావేశంలో కూర్చున్నప్పుడు అతని మనసులో పదవి ఆశ అసలు లేదని నేను చెప్పలేను. 1779 నుంచి చనిపోయేదాకా రాసిన డైరీ 51 సంపుటాలు ఉంది. అన్ని పేజీలు రాసినవాడు కూడా తన గురించి తనకు అనుకూలంగానే రాసుకుని ఉండొచ్చు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాది మెకానికల్ ఇంజినీరింగ్. మొదటి రెండు అటెంప్టులకు అదే ఆప్షనల్, తర్వాత రాజనీతి శాస్త్రానికి మారాను. ఎవరైనా అడిగితే 'పాలనలో రాజ్యాంగం పాత్రపై ఆసక్తి పెరిగింది' అంటాను. ఇంటర్వ్యూ కోసం ఈ జవాబు బట్టీ కూడా పెట్టాను. నిజం ఏమిటంటే రెండుసార్లూ ఆప్షనల్‌లో మార్కులు రాలేదు. ఆసక్తి తర్వాత వచ్చింది, అది అబద్ధం కాదు. కానీ వరుస తిరగేసి చెబుతున్నాను. నాన్న ఫోన్‌లో "అది కాకపోతే ఇదా? తర్వాత ఇంకేం మారుస్తావ్ రా?" అన్నప్పుడు ఈ ఆసక్తి కథే చెప్పాను. ఆడమ్స్ విషయంలో ముందు ఏది, తర్వాత ఏది అని తేదీలు పట్టుకుని కూర్చోవడానికి కారణం బహుశా ఇదే. ఓటు, సమావేశం, సీటు పోవడం, రాజీనామా, ఆ తర్వాత పదవి. తేదీలు అబద్ధం చెప్పవు కదా.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టిన విషయం, ఎంబార్గో ఘోరంగా విఫలమైంది. అమెరికా ఎగుమతులు 1807లో 10.8 కోట్ల డాలర్లు, 1808లో 2.2 కోట్లు. రేవుల్లో పని పోయింది, దొంగ రవాణా పెరిగింది, బ్రిటన్ దిగిరాలేదు. 1809 మార్చిలో ఎత్తేశారు. అంటే మన హీరో సీటు పోగొట్టుకుంది ఒక చెడ్డ చట్టం కోసం! కెనడీ 1956లో రాసిన 'ప్రొఫైల్స్ ఇన్ కరేజ్' పుస్తకంలో ఆడమ్స్ మీద ఒక అధ్యాయం ఉంది, చాలామంది ఎథిక్స్ నోట్స్‌లోకి ఇతను వచ్చేది ఆ దారిలోనే. కానీ నోట్స్‌కి వచ్చేసరికి ధైర్యం మిగులుతుంది, ఎగుమతుల లెక్క రాలిపోతుంది. పని లేని నావికుడి ఇంట్లో ఆడమ్స్ ధైర్యం గురించి ఏమనుకుని ఉంటారో?

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1814లో బ్రిటన్‌తో ఘెంట్ సంధి చేసిన బృందంలో ఉన్నాడు, 1817 నుంచి మన్రో దగ్గర విదేశాంగ మంత్రి. 1820లో మన్రోకు దాదాపు అందరి ఓట్లూ పడ్డాయి, అధ్యక్ష పదవికి వేరే పేరు రాసిన ఎలక్టర్ ఒక్కడే. అతను విలియం ప్లమర్, రాసిన పేరు ఆడమ్స్. విచిత్రం ఏమిటంటే ఈ ప్లమర్ ఒకప్పుడు పికరింగ్‌తో కలిసి దేశం చీల్చే మంతనాల్లో ఉన్న ఫెడరలిస్టు సెనేటర్, తర్వాత పశ్చాత్తాపపడి రిపబ్లికన్ అయ్యాడు. 1824లో ఎవరికీ మెజారిటీ రాలేదు. ఎలక్టర్ల ఓట్లలో జాక్సన్‌కు 99, ఆడమ్స్‌కు 84. ప్రతినిధుల సభ ఆడమ్స్‌ను ఎన్నుకుంది, అతను హెన్రీ క్లేను విదేశాంగ మంత్రిని చేశాడు. మళ్లీ బేరం అన్న మాట పడింది, ఈసారి దేశమంతా. ఇక్కడ నేను అతని తరఫున వాదించలేను. నిజంగా బేరం లేకపోయినా, ఉందని ఎవరైనా అనుకునేలాగే చేశాడు. అదే మనిషి పోస్ట్‌మాస్టర్ జనరల్ మెక్లీన్ ప్రత్యర్థి జాక్సన్ వైపు ఉన్నాడని తెలిసీ, పని బాగా చేస్తున్నాడని ఉంచాడు. 1828లో జాక్సన్ చేతిలో ఓడిపోయాడు.

మాజీ అధ్యక్షుడు ఇంట్లో కూర్చోకుండా 1830లో ప్రతినిధుల సభకు పోటీ చేసి గెలిచాడు. మేసన్ల రహస్య సంఘాలను వ్యతిరేకించే పార్టీలో కొంతకాలం ఉన్నాడు, ఆ తర్వాత విగ్ పార్టీ. ఫెడరలిస్టు, రిపబ్లికన్, నేషనల్ రిపబ్లికన్, యాంటీ మేసన్, విగ్, ఐదు జెండాలు. కానీ అసలు పని చేసింది ఈ కాలంలోనే. బానిసత్వం మీద వచ్చే అర్జీలను సభ పట్టించుకోకూడదని 1836లో పెట్టిన నిబంధనపై ఎనిమిదేళ్లు పోరాడి 1844లో తీయించాడు. 1842లో హేవర్‌హిల్ అనే ఊరి ప్రజలు, అమెరికా సమాఖ్యను రద్దు చేయమని ఇచ్చిన అర్జీని సభలో పెట్టాడు. దేశాన్ని చీల్చాలన్నందుకే ఒకప్పుడు పార్టీ వదిలినవాడు! ఆ కోరికను ఒప్పుకోలేదు, అడిగే హక్కు మాత్రం వాళ్లకుందన్నాడు. అభిశంసన తీర్మానం పెట్టారు, చివరికి 106-93తో దాన్ని పక్కన పెట్టేశారు. 1848 ఫిబ్రవరి 21న సభలోనే తన స్థానంలో కుప్పకూలాడు, రెండు రోజుల తర్వాత అదే భవనంలో స్పీకర్ గదిలో చనిపోయాడు.

అన్నకి ఇదంతా చెప్పాను. "మరి ఇప్పుడు ఏం రాస్తవ్? ధైర్యమా, ఫిరాయింపా?" అని అడిగాడు. ఆదివారం కూర్చుని ఆ ప్రశ్నకే మళ్లీ జవాబు రాశాను. ఓటు, రాజీనామా, రష్యా, ఎగుమతుల పతనం నాలుగూ పెడితే 190 పదాలు దాటింది. రష్యా తీసేస్తే 150కి వస్తుంది. తీయబుద్ధి కావడం లేదు. ఇంటర్వ్యూ ఫైల్‌లో ఆప్షనల్ జవాబు కూడా కొట్టేసి, 'మార్కులు రాలేదు, అందుకే మారాను' అన్న వాక్యాన్ని మొదట పెట్టాను.